“కోటా వాళ్లతో ఫీల్డ్ పని ఎలా?” అన్న అధికారికి ఏం జవాబు చెప్పాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. క్యాలిపర్ వేసుకుని చేతికర్రతో నడుస్తాను. గ్రూప్-4 రాసి దివ్యాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంట్ అయ్యాను. తహసీల్దార్ ఆఫీసులో ఉద్యోగం. ఊళ్లలో రైతుల భూసమస్యల అర్జీలు తీసుకునే భూభారతి రెవెన్యూ సదస్సులకు డ్యూటీలు వేసే మీటింగ్‌లో నా పేరు రాగానే పై అధికారి ఒకరు, “ఈ కోటా వాళ్లని పంపి మనల్ని పని చేయించమంటారు. ఊళ్లు తిరగాల్సిన డిపార్ట్‌మెంట్‌కి అసలు ఈ రిజర్వేషన్ ఎందుకు?” అన్నారు. కొందరు నవ్వారు. మా తహసీల్దార్ గారు తల దించుకున్నారు. తర్వాత నన్ను ఒక్క సదస్సుకూ పంపలేదు, ఆఫీసుకు వచ్చే కాగితాలకు నంబర్లు వేసే ఇన్‌వార్డ్ సీటులో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చెబితే మా అన్నయ్య, “ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అప్పట్లో పెద్ద ఐఏఎస్ మేడమే అన్నారుగా, వికలాంగుల్ని పైలట్‌గా పెట్టుకుంటారా అని. రిజర్వేషన్లన్నీ ఎత్తేస్తే ఈ గొడవే ఉండదు” అన్నాడు. మేం ఓసీలం. నిజం చెప్పాలంటే ఇంట్లో కులం రిజర్వేషన్లను తిడుతుంటే నేనూ తల ఊపినదాన్నే. ఇప్పుడు నోరు పెగలడం లేదు. ఆయన మాట కరెక్టేనేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. కంప్లయింట్ ఇవ్వాలా? ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను, టెన్షన్‌గా ఉంది.
- ఒక జూనియర్ అసిస్టెంట్, ఉమ్మడి నల్గొండ జిల్లా

జవాబు:

ముందు ఆ పైలట్ మాట సంగతి చూద్దాం. మీ పై అధికారికీ, మీ అన్నయ్యకీ ధైర్యం అక్కడి నుంచే వచ్చినట్టుంది.

2024 జూలైలో పూజా ఖేద్కర్ వ్యవహారం మీద దేశమంతా చర్చ నడుస్తోంది. పుణేలో ప్రొబేషన్‌లో ఉన్న ఆ ఐఏఎస్ అధికారి వైకల్యం సర్టిఫికెట్ మీదా, ఓబీసీ సర్టిఫికెట్ మీదా ఆరోపణలు. ఆ వేడిలోనే, జూలై 21న, తెలంగాణ సీనియర్ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టారు. దివ్యాంగుల మీద గౌరవంతోనే అడుగుతున్నానంటూ మొదలుపెట్టి, ఏ విమాన సంస్థ అయినా వైకల్యం ఉన్న పైలట్‌ను పెట్టుకుంటుందా, వైకల్యం ఉన్న సర్జన్‌ను మీరు నమ్ముతారా అన్నారు. ఐఏఎస్, ఐపీఎస్, అటవీ సర్వీసుల్లో ఫీల్డ్ పని ఉంటుంది, గంటల తరబడి శ్రమ ఉంటుంది, జనం గోడు నేరుగా వినాలి, దానికి ఒంట్లో సత్తువ కావాలి, మరి ఈ సర్వీసుకు ఈ కోటా అసలెందుకు అన్నది ఆమె ప్రశ్న. గొడవ పెద్దదయ్యాక ఇంకో పోస్టు పెట్టారు. ఐపీఎస్‌లో, అటవీ సర్వీసులో, రక్షణ రంగంలో కొన్నిచోట్ల ఈ కోటా ఇంకా ఎందుకు అమలు కాలేదో హక్కుల కార్యకర్తలు చూడాలి, ఐఏఎస్ కూడా వాటిలాంటిదే అన్నదే నా ఉద్దేశం, చులకన భావం నాకు లేదు అని.

ఆమె మనసులో ఏముందో నాకు అనవసరం. పైకి అన్న మాటనే తూచి చూద్దాం.

మొదటి పోస్టులో ఐపీఎస్‌ను కూడా కలిపేసి, రెండో పోస్టులో అక్కడ కోటా లేదని ఆమే చెప్పారు, గమనించారా? 2021 ఆగస్టులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఐపీఎస్‌లోని అన్ని పోస్టులనూ వైకల్య రిజర్వేషన్ నుంచి మినహాయించింది. రైల్వే రక్షణ దళ సర్వీసుకూ అదే మినహాయింపు. ఆ మినహాయింపు సరైనదా కాదా అన్న దాని మీద సుప్రీంకోర్టులో వాదన నడిచింది, అది వేరే కథ. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, ఏ పని ఎవరు చేయగలరన్న ప్రశ్నను చట్టం ముందే వేసుకుంది. ఒక పెద్ద అధికారి ఆదివారం నాడు ఫోన్‌లో కొత్తగా కనిపెట్టాల్సిన ప్రశ్న కాదది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. అంతకుముందు 1995 చట్టంలో అది 3 శాతం. 33వ సెక్షన్ ప్రకారం ఏ పోస్టు ఏ రకం వైకల్యం ఉన్నవాళ్లకు సరిపోతుందో నిపుణుల కమిటీ చూసి గుర్తించాలి. కేంద్రం 2021 జనవరిలో ఇచ్చిన జాబితాలో అలాంటి పోస్టులు 3,566 ఉన్నాయి. ప్రతి పోస్టు పక్కనా ఆ పనికి కూర్చోవడం కావాలా, నిలబడడం కావాలా, నడవడం, వంగడం, చూడడం, వినడం, చదవడం, రాయడం వీటిలో ఏవేవి కావాలో రాసి ఉంటుంది. మీ పోస్టులో కోటా పాయింటు వచ్చిందంటే ఈ లెక్కంతా మీరు పరీక్ష ఫీజు కట్టకముందే అయిపోయిందన్నమాట. మీటింగ్ హాల్లో ఒకాయన విసుగ్గా దాన్ని మళ్లీ తెరవడం పని గురించిన ఆలోచన అనిపించుకోదు.

పైలట్ ఉద్యోగానికి మెడికల్ స్టాండర్డ్ ఉంది. అది కళ్లజోడు నంబరు దగ్గర్నుంచి గుండె దాకా అందరికీ ఒకటే. కాలు బాగున్నా సరే రంగులు తేడా తెలియకపోతే చిక్కే. అంటే అక్కడ కూడా చూసేది పనికి కావలసిన సామర్థ్యాన్నే. సర్జన్ సంగతికొస్తే, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఎంబీబీఎస్ సీటు కేసు ఒకటి తేల్చింది. మాటలో వైకల్యం ఉన్న కుర్రాడు. వైకల్యం 40 శాతం దాటిందని లెక్క చూపించి సీటు కాదనకూడదు, ఆ మనిషి కోర్సు చదవగలడా లేదా అని మెడికల్ బోర్డు విడిగా పరీక్షించి చెప్పాలి అంది కోర్టు. 2025 మార్చి 3న ఇంకో తీర్పు. చూపు లేనివాళ్లు జడ్జి ఉద్యోగాలకు పనికిరారన్న మధ్యప్రదేశ్ నిబంధనను కొట్టేసింది. సాక్షి మొహం చూడకుండా తీర్పు ఎలా చెబుతారని ఎన్నేళ్లు వాదించారో! చివరికి ఆ నిబంధన నిలబడలేదు.

ఇక “ఫీల్డ్” అనే మాట. మనలో మనమాట, కలెక్టర్ గారి ఫీల్డ్ విజిట్ అంటే ఏమిటో ఆ ఆఫీసుల్లో పనిచేసిన మీకూ తెలుసు, నాకూ తెలుసు. కారు, డ్రైవరు, అటెండరు, ముందు తహసీల్దార్ జీపు, వెనక ఎంపీడీవో బండి. ఊరి పొలిమేరలో గ్రామ సిబ్బంది, సర్పంచులు ఎదురొస్తారు. కొండలెక్కే రోజులు లేవని కాదు, వరదలప్పుడు ట్రాక్టర్ల మీద వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఉద్యోగంలో అసలు బరువు వినడం, తేల్చడం, సంతకం పెట్టడం, తర్వాత ఆ సంతకానికి నిలబడడం. ఇవేవీ కాళ్లతో చేసేవి కావు.

అదే నిజం కాకపోతే ఇరా సింఘాల్ ఎలా వచ్చారు? వెన్నెముక వంకర ఉన్న మనిషి. 2010 సివిల్స్‌లో ర్యాంకు వచ్చి పన్నుల సర్వీసు ఐఆర్ఎస్ ఇవ్వాల్సిన చోట, ఆమె బరువులు తోయలేదు, లాగలేదు, ఎత్తలేదు అని పోస్టింగ్ ఆపేశారు. పన్నుల ఆఫీసర్ ఏం బరువులు ఎత్తుతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ క్యాట్‌కి వెళ్లి కేసు గెలిచారు. 2014 సివిల్స్‌లో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు, అదీ జనరల్ కేటగిరీలో. ప్రాంజల్ పాటిల్‌కు చూపు లేదు. రైల్వే అకౌంట్స్ సర్వీసు వాళ్లు వద్దన్నారు. మళ్లీ రాసి 124వ ర్యాంకు సాధించి ఐఏఎస్ అయ్యారు, 2019లో తిరువనంతపురం సబ్ కలెక్టర్‌గా కూర్చున్నారు. మనవాళ్లలో కట్టా సింహాచలం ఉన్నారు. చూపు లోపం ఉన్న ఐఏఎస్ అధికారి, గోదావరి ప్రాంతం నుంచి వచ్చినవారు. ఆయన రంపచోడవరంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాజెక్ట్ ఆఫీసర్‌గా పనిచేశారు. రంపచోడవరం అంటే కొండలు, అడవుల ఏజెన్సీ. అంతకంటే ఫీల్డ్ ఎక్కడుంటుంది?

మీ జిల్లా మనిషికి ఎస్. జైపాల్ రెడ్డి గారి గురించి వేరే చెప్పక్కర్లేదు. పోలియోతో చంక కర్రల మీదే జీవితమంతా నడిచారు. మిర్యాలగూడ నుంచి 1999లో, 2004లో ఎంపీగా గెలిచారు. ఊరూరా తిరగకుండా ఎన్నిక గెలవడం కుదరదు కదా. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు అందుకున్నారు. కేంద్రంలో పట్టణాభివృద్ధి, పెట్రోలియం శాఖలు చూశారు. అప్పుడు ఏ ఐఏఎస్ అధికారీ ఆయన ముందు నిలబడి, సార్, ఈ పనికి శారీరక దృఢత్వం కావాలి అనలేదు.

ఈ పేర్లన్నీ మీకు ఊరట కోసం చెప్పాను గానీ, ఇలాంటి జాబితాలతో ఒక చిక్కు ఉంది. వీటిని చదివి వైకల్యం ఉన్నవాళ్లంతా టాపర్లు కావాలేమో అనుకోకండి. మీ ఆఫీసులో రెండు కాళ్లూ బాగున్న జూనియర్ అసిస్టెంట్లు ఎంతమంది? అందరూ అద్భుతంగా పనిచేస్తున్నారా? వాళ్లలో ఒకరు ఫైలు పోగొడితే “రెండు కాళ్లవాళ్లని తీసుకుంటే ఇంతే” అని ఎవరూ అనరు. మామూలుగా పనిచేసి మామూలుగా జీతం తీసుకునే హక్కు మీకూ ఉంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మీరు పొద్దుపోయేదాకా కూర్చుని పక్క సీటు పని కూడా చేసేస్తూ ఉంటారని నా అనుమానం. చేస్తుంటే ఈ వారమే ఆపండి. పడిపోయి సెలవు పెడితే, చూశారా అంటారు.

మీ అధికారిని ఎప్పుడైనా ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రేపు ఆయనే జీపు యాక్సిడెంట్‌లో కాలు పోగొట్టుకుంటే ఉద్యోగం మానేస్తారా? మానక్కర్లేదు. అదే చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, స్థాయి తగ్గించకూడదు, చేస్తున్న పోస్టు కుదరకపోతే అదే జీతంతో వేరే పోస్టు చూపించాలి. 1995 చట్టంలోనూ ఇది ఉంది. డ్యూటీలో కాలు పోయిన ఆర్డీవోను ఎవరూ పనికిరాడనరు, పైగా సన్మానం చేస్తారు. మరి అదే కాలు పదేళ్ల వయసులోనే లేకపోతే గేటు దగ్గర ఎందుకు ఆపాలి? ఈ ప్రశ్నకు పైలట్ వాదన చేసేవాళ్లెవరూ జవాబు చెప్పగా నేను వినలేదు.

ఇంకొకటి కూడా నన్ను ఎప్పుడూ తొలుస్తూ ఉంటుంది. సోమవారం ప్రజావాణిలో దివ్యాంగుడు అర్జీ తెస్తే కలెక్టర్ కుర్చీ దిగివచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్న ఫొటో పేపర్లో వస్తుంది. మనందరం మెచ్చుకుంటాం, షేర్ చేస్తాం. మంచిదే, కూర్చోనివ్వండి. కానీ ఆ అర్జీ పట్టుకొచ్చిన మనిషే ఎప్పుడో పరీక్ష పాసై ఆ కుర్చీలోకి వస్తానంటే మాత్రం ‘సర్వీసు ఏమవుతుంది’ అని గుండెలు బాదుకుంటాం. దయ చూపించడానికి దివ్యాంగులు కావాలి, పక్క కుర్చీలో సమానంగా మాత్రం వద్దు. మీ మీటింగ్‌లో నవ్వినవాళ్ల నవ్వు వెనక ఉన్నది ఇదేనని నా అభిప్రాయం.

దొంగ సర్టిఫికెట్ల మాటా మాట్లాడుకోవాలి, దాటేస్తే మీ అన్నయ్య ఊరుకోరు. ఉన్నాయి. వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుల దగ్గర బేరాలు జరుగుతాయని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చెవులు బాగా వినిపించేవాళ్లు వినపడదని కార్డు తెచ్చుకున్న కథలు పింఛన్ల తనిఖీలు జరిగినప్పుడల్లా బయటికొస్తాయి. ఖేద్కర్ విషయంలో యూపీఎస్సీ 2024 జూలై 31న ఆమె అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది, సెప్టెంబరులో కేంద్రం సర్వీసు నుంచి తప్పించింది. మోసం చేసి ఈ లబ్ధి పొందినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 91వ సెక్షన్‌లోనే ఉంది. అంటే మందు ఉంది, వాడాలి. మెడికల్ బోర్డులను బిగించాలి. దొంగలు దూరారని కోటా తీసేయమంటే, ముందు నష్టపోయేది ఆ దొంగల వల్ల సీటు పోగొట్టుకున్న అసలు దివ్యాంగులే. మీలాంటివాళ్లే ఈ విషయంలో అందరికంటే గట్టిగా మాట్లాడాలి కూడా.

మెరిట్ అంటారు. కటాఫ్ తక్కువ ఉంటుంది, దాచుకోవాల్సిన పని లేదు. సివిల్స్‌లో దివ్యాంగులకు పదేళ్ల వయోపరిమితి సడలింపు ఉంది, జనరల్, ఓబీసీ వాళ్లకు 9 ప్రయత్నాలు ఇస్తారు. ఎందుకిచ్చారో 2011 జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది. దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా. దేశం మొత్తం దివ్యాంగుల్లో చదువొచ్చినవాళ్లు సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మెట్లున్న బడి, బాత్రూమ్ లేని బడి, బస్సు ఎక్కలేని కాలేజీ దాటుకుని డిగ్రీ దాకా వచ్చేవాళ్లే తక్కువ. ఆ వచ్చినవాళ్ల మార్కుల్ని కోచింగ్‌కి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మూడేళ్లు గది అద్దె కట్టగలిగినవాళ్ల మార్కుల పక్కన పెట్టి మెరిట్ తూచడం నాకు తప్పుడు కొలతగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. కులం రిజర్వేషన్లను తిడుతుంటే తల ఊపానని మీరే రాశారు. మిమ్మల్ని దెప్పడం నా ఉద్దేశం కాదు. నూటికి తొంభై ఓసీ ఇళ్లలో జరిగేదే అది. కానీ మీటింగ్‌లో మీరు విన్న మాట మీకు కొత్త గానీ మీ ఆఫీసులో చాలామందికి కొత్త కాదు. “కోటాలో వచ్చాడు, అందుకే ఇలా” అన్న మాటను మీ పక్క సీటు ఎస్సీ ఉద్యోగో, ఎస్టీ ఉద్యోగో సర్వీసంతా వింటూనే ఉంటారు, కొన్నిసార్లు మొహం మీదే. ఆ రోజు మీటింగ్‌లో నవ్వనివాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. నా అంచనా, వాళ్లలో ఎక్కువమంది అలాంటి మాట పడ్డవాళ్లే అయ్యుంటారు.

రెండూ ఒకటే అని నేననను. కులం రిజర్వేషన్ తరతరాలుగా ఊరి బయట నిలబెట్టినవాళ్లకు దక్కిన హక్కు. అక్కడ సామర్థ్యం అన్న ప్రశ్నకే తావు లేదు. దళితుడు ఫలానా పని చేయలేడని ఏ కమిటీ జాబితా రాయదు, రాస్తే అది రాజ్యాంగ విరుద్ధం. వైకల్యం విషయంలో కొన్ని పోస్టులకు కొన్ని పనులు కుదరవు, అందుకే పైన చెప్పిన పోస్టుల గుర్తింపు ఉంది. పుట్టుక వేరు, లెక్కించే పద్ధతి కూడా వేరు. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినట్టు మీది సమాంతర రిజర్వేషన్. ఎస్సీ దివ్యాంగురాలు ఎంపికైతే ఎస్సీ వాటాలోకి వెళ్తుంది, బీసీ అయితే బీసీలోకి, మీరు ఓసీ కాబట్టి ఓపెన్‌లోకి. మీరు ఏ కులం వాటానూ తగ్గించలేదు, ఏ కులం వాటా వల్లా మీ అవకాశం పోలేదు.

“అన్నీ ఎత్తేస్తే” అంటున్న అన్నయ్య, అందులో చెల్లెలి ఉద్యోగం కూడా ఉందని గమనించినట్టు లేదు. లేదా గమనించే అన్నారేమో, అదింకా బాధ. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఓసీల్లో పేదలకు 10 శాతం ఈడబ్ల్యూఎస్ వచ్చింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది కూడా. ఆ సర్టిఫికెట్ కోసం ఇదే మీ తహసీల్ ఆఫీసు ముందు ఎంత క్యూ ఉంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లను ఎవరూ మెరిట్ గురించి నిలదీయరు. ఇది ఆయనకు చెప్పండి. అరిచి చెప్పక్కర్లేదు.

ఇక చేయాల్సిన పని. మీ ఉత్తరంలో మీరు ఎక్కువ రాసింది ఆ మాట గురించి. నాకు మాత్రం మాట కంటే ఇన్‌వార్డ్ సీటు పెద్ద సమస్యగా కనిపిస్తోంది. మాట ఒక రోజు అన్నారు, సీటు మార్పు రోజూ నడుస్తోంది. సదస్సుల్లో అర్జీలు తీసుకోవడం, రిజిస్టర్ రాయడం, రైతులతో మాట్లాడడం వస్తేనే రెవెన్యూలో పని వచ్చినట్టు. రేపు సీనియర్ అసిస్టెంట్‌గా, ఆ పైన డిప్యూటీ తహసీల్దార్‌గా ప్రమోషన్ వచ్చినప్పుడు “ఈమెకు ఫీల్డ్ తెలియదు” అంటారు. తెలియకుండా చేసింది వాళ్లేనన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. అందుకని ముందు దీని మీద కదలండి.

మీ తహసీల్దార్ గారికి ఒక దరఖాస్తు రాయండి. ఫిర్యాదులా కాకుండా కోరికలా ఉండాలి. తలదించుకున్న మనిషి కాబట్టి కొంచెం సిగ్గుపడే ఉంటారు, ఆ సిగ్గు మీకు పనికొస్తుంది. నన్ను వచ్చే గ్రామ సదస్సులకు, సర్వేలకు అందరితో పాటు వేయండి, అందుకు నాకు కావలసిన సౌకర్యాలు ఇవి అని రాయండి: ఆఫీసు వాహనంలో చోటు గానీ, మీ మూడు చక్రాల స్కూటర్‌కు టీఏ గానీ, మెట్లు లేని చోట టేబుల్, పొలాల గట్ల మీద నడవాల్సిన భాగం వేరేవాళ్లకిచ్చి దానికి బదులు కంప్యూటర్ ఎంట్రీ మీకు. ఏది చేయగలరో, ఏది కుదరదో మీరే నిజాయితీగా రాయండి. గట్ల మీద నడవలేకపోతే నడవలేనని రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇలాంటి సర్దుబాటు ఇవ్వకపోవడాన్ని 2016 చట్టం వివక్ష అనే అంటుంది. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే పట్టుకుంది. రాసేటప్పుడు చేయి వంకర్లు పోయే ఆ అభ్యర్థికి సివిల్స్ రాయడానికి సహాయకుడిని ఇవ్వాల్సిందేనంది. దరఖాస్తుకు నంబరు పడేలా చూసుకోండి. ఇన్‌వార్డ్ సీటులో కూర్చోబెట్టారు కదా, ఆ మేలు ఒకటి ఉంది.

ఆ మాట అన్నాయన మీద ఫిర్యాదు చేయాలా అంటే, చేయొచ్చు. 92వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ ‘కావాలని, అవమానించే ఉద్దేశంతో’ అన్నది రుజువు కావాలి. నవ్వినవాళ్లు సాక్ష్యం చెప్పరు. నేనైతే మొదటి అడుగుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని చెప్పను. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఇలాంటి ఫిర్యాదులకు ఒక అధికారిని నియమించాలి. మీ జిల్లాలో ఆ బాధ్యత ఎవరికిచ్చారో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి. ఆయనకు రాసిచ్చిన ఫిర్యాదు రిజిస్టరైన రెండు వారాల్లో విచారణ జరపాలి. అక్కడ తేలకపోతే జిల్లా స్థాయి కమిటీ, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. కమిషనర్‌కు సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలుంటాయి. మీ సదస్సు దరఖాస్తుకు జవాబు రాకుండా నెల గడిస్తే అప్పుడు ఈ మెట్టు ఎక్కండి. అప్పటికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. మీటింగ్ తేదీ, అన్న మాట, ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఇవాళే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత మరిచిపోతారు.

ప్రొబేషన్ భయం సహజమే. హక్కు అడిగినందుకు ప్రొబేషన్ ఆపితే అది కోర్టులో నిలవదు. కానీ ఆలస్యాలు, సెలవుల లెక్క, పెండింగ్ ఫైళ్లు లాంటివి సాకులుగా దొరుకుతాయి. అవి దొరక్కుండా చూసుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో గానీ ఫేస్‌బుక్‌లో గానీ ఆయన గురించి ఒక్క ముక్క రాయొద్దు. ప్రవర్తనా నియమావళి ఉద్యోగులందరికీ ఉంటుంది. ఐఏఎస్‌లకైతే 1968 నాటి నియమాల్లో ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని ఉంది. పెద్దవాళ్లు దాన్ని దాటినా పెద్దగా ఏమీ కాదు గానీ, జూనియర్ అసిస్టెంట్ దాటితే మెమో వెంటనే వస్తుంది. మీ ఉద్యోగ సంఘంలో దివ్యాంగ ఉద్యోగులు ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడండి. మీ ముందు ఇదే దారిలో వెళ్లినవాళ్లు దరఖాస్తు నమూనాతో సహా ఇస్తారు.

అన్నయ్యతో వాదన కొంచెం ఆగనివ్వండి. ముందు దరఖాస్తు పెట్టండి.